సుత్తి చప్పుడుకి ఉలిక్కిపడితే చాలదు

మీ ఇంట్లో రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనలేని బిడ్డ ఉంటే ఇక ఆగకండి. వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే మాట వచ్చిందనీ, మగపిల్లలకి మాట నిదానమనీ, గారాబం ఎక్కువై నోరు మెదపడం లేదనీ సర్దిచెప్పుకుని కూర్చోకండి. ఈ వారమే ఆ బిడ్డ చెవులు పరీక్ష చేయించండి. విజయవాడ ఊరందరికీ చెప్పాల్సిన మాటే ఇది. కానీ ఆటోనగర్‌ షెడ్లలో పనిచేసేవాళ్ళకి, పటమట, కానూరు, గుణదల వైపు అద్దె గదుల్లో సంసారాలు చేసుకునేవాళ్ళకి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. బిడ్డకి చెవులు బాగానే ఉన్నాయని తల్లిదండ్రుల్ని నమ్మించి మోసం చేసేది ఇక్కడ ఒకటుంది. అది సుత్తి చప్పుడు.

లారీ బాడీకి రేకు సాపుచేస్తూ మేస్త్రి సుత్తి వేయగానే పక్కగదిలో పసివాడు ఉలిక్కిపడతాడు. తల్లి చూస్తుంది. "వీడికి చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి, నోటికే బద్ధకం" అనుకుంటుంది. ఆ దెబ్బ చెవిలోకి ఒక్కటే రాదు. నేలలోంచి అరికాళ్ళకి, మంచం పట్టెలోంచి వీపుకి కూడా వస్తుంది. వినికిడి చాలావరకు లేని బిడ్డ కూడా దానికి కదులుతాడు. పళ్ళెం మోగించి, తలుపు ధడాలున వేసి, వెనకనుంచి చప్పట్లు కొట్టి ఇళ్ళలో చేసే పరీక్షలన్నీ ఇంతే. పెద్ద చప్పుడు తెలియడం వేరు, మాట వినపడటం వేరు. కొందరు పిల్లలకి లావు శబ్దాలు తెలుస్తాయి, సన్నవి తెలియవు. ఇంజిన్ స్టార్టయితే తల తిప్పుతారు. అమ్మ మాటలో 'స', 'శ', 'చ' లాంటి పలుకులు మాత్రం వాళ్ళదాకా చేరవు. పిలిస్తే చూస్తున్నాడు కదా అంటారు. మీ పెదాలు కదలడం చూశాడేమో, మీ నీడ పడటం చూశాడేమో ఎవరికి తెలుసు? దాన్ని తేల్చేది పరీక్షే.

తెలుగు బిడ్డకి ఈ ప్రమాదం ఇంకొంచెం లోతైనది. మన భాషలో వ్యాకరణం ఎక్కువగా మాట తోకలో ఉంటుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చారు, వచ్చాయి. 'వచ్చా' దాకా అన్నీ ఒకటే. ఎవరు వచ్చారో, ఎంతమంది వచ్చారో చివరి చిన్న ముక్కే చెబుతుంది. ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి అన్నా అంతే. మాట్లాడేటప్పుడు మన గొంతు తగ్గేది కూడా ఆ చివరే. పుట్టుచెవుడు లేకపోయినా, జలుబు ముదిరి చెవి కారుతున్న బిడ్డకి, కర్ణభేరి వెనక నీరు చేరిన బిడ్డకి ముందుగా పోయేవి ఈ తోకలే. మాట మొదలు వింటాడు, చివర వినడు. అలా నెలల తరబడి నడిస్తే వాడికి మాటలు వస్తాయిగానీ వాక్యం కట్టడం రాదు. చెవి కారుతుంటే వెల్లుల్లి కాచిన నూనె పోసి సరిపెట్టడం ఇక మానాలి. డాక్టరుకి చూపించాలి.

బిడ్డ ఆ తోకల్ని ఎలా పట్టుకుంటుందో దగ్గరగా చూస్తే ఈ కంగారు ఎందుకో తెలుస్తుంది. ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డు ముందు చూసిన సంగతి చెబుతాను. మూడేళ్ళు ఉంటాయేమో, ఒక పిల్ల పాత టైరు మీద కూర్చుని డబ్బాలోకి నట్లు ఏరుతోంది. అమ్మతో కలిసి క్యారేజీ తెచ్చింది. గ్రీజు చేతులతో బయటికొచ్చిన తండ్రిని చూసి, "నాన్నా, నీ చెయ్యిలు మసైపోయాయి, మనం ఇంటికెళ్ళి కడుక్కుందాం" అంది. తండ్రి నవ్వి, "చెయ్యిలు కాదమ్మా, చేతులు" అన్నాడు. "ఆఁ, చేతులు" అని ఒప్పుకుంది. మళ్ళీ వెంటనే, "రెండు చెయ్యిలూ మసి" అంది. పానా పట్టుకుని నిలబడ్డ హెల్పర్ కుర్రాడి వైపు తిరిగి, "మేం వెళ్ళిపోతాం, నువ్వు రావద్దు" అని కూడా చెప్పింది.

'చెయ్యిలు' అనే మాట ఆ పిల్ల ఎవరి నోటా విని ఉండదు. తెలుగుదేశంలో పెద్దవాళ్ళెవరూ అలా అనరు. కుర్చీ కుర్చీలయింది, లారీ లారీలయింది, కాబట్టి చెయ్యి చెయ్యిలు కావాలి. ఆ లెక్క ఎవరూ చెప్పకుండా తనంతట తాను కట్టుకుంది. అది తప్పు కాదు, లోపల పని జరుగుతోందనడానికి సాక్ష్యం. 1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు ఇదే సంగతిని బొమ్మలతో నిరూపించింది. లోకంలో లేని ఒక జంతువు బొమ్మ గీసి, దానికి 'వగ్' అని పేరుపెట్టి పిల్లలకి చూపించింది. ఇప్పుడు అవి రెండున్నాయి, ఏమంటారు అని అడిగింది. ఎన్నడూ వినని మాటకి కూడా పిల్లలు బహువచనం చేసి చెప్పారు. బట్టీపడితే ఆ పని రాదు.

ఆ పిల్ల సరిగ్గా అన్నవి ఇంకా గొప్పవి. తండ్రితో 'మనం' అంది, హెల్పర్‌తో 'మేం' అంది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. ఇంగ్లీషులో, హిందీలో ఈ రెండింటికీ ఒకటే మాట. మన పిల్లలు మూడేళ్ళకే దాన్ని తప్పు లేకుండా వాడుతున్నారు. నాన్న వచ్చాడు, అమ్మ వచ్చింది, లారీ వచ్చింది అంటారు. అమ్మ ఒక్కతే అయితే లారీతో జత. అదే అమ్మావాళ్ళు వచ్చారు, లారీలు వచ్చాయి. పదిమందైతే ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసిపోయారు, లారీలు విడిపోయాయి. మహత్తు, మహతి, అమహత్తు అని వ్యాకరణాలు పేర్లుపెట్టి వివరించే చిక్కు ఇది. పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం తెచ్చాడు. భాష చదువుకునేవాళ్ళకోసం రాసిన ఆ పుస్తకం పెద్దవాళ్ళకే కొరకరాని కొయ్య. అందులో విడమరిచిన నియమాల్లో నిత్యం వాడుకలో ఉన్నవాటిని మూడేళ్ళ బిడ్డ పుస్తకం తెరవకుండానే నోట పలుకుతుంది. పాలు వద్దు, పాలు లేవు, ఇవి పాలు కావు. ఈ మూడు కాదనడాల్నీ వేరువేరుగా వాడటం ఏ తల్లీ కూర్చోబెట్టి నేర్పదు. పైగా పాలు, నీళ్ళు మనకి బహువచనాలే. "నీళ్ళు పడిపోయాయి" అని రెండున్నరేళ్ళవాడు అంటాడు, పడిపోయింది అనడు.

ఇదంతా రావడానికి బిడ్డకి కావలసింది ఒక్కటే. తనవైపు చూసి, తనతో మాట్లాడి, తను ఏదైనా అంటే బదులిచ్చే మనిషి. బువ్వ తిందామా, లాల పోసుకుందామా, కాకి ఎక్కడ, బూచోడు వచ్చాడు చూడు. ఇవి ఊసుపోక అనే మాటలని తీసిపారేయకండి. బిడ్డకి తిండి ఎంతో ఇవీ అంతే.

మాట నేర్చుకునే ఈ అవకాశానికి గడువుంది, ఆ గడువు చిన్నది. పుట్టుచెవిటి పిల్లల జీవితాలే దీన్ని స్పష్టంగా చూపించాయి. అమెరికాలో ఎలిసా న్యూపోర్ట్ 1990లో వెల్లడించిన పరిశోధనలో అందరూ 30 ఏళ్ళకు పైగా సైగభాష వాడుతున్నవాళ్ళే. పుట్టినప్పటినుంచి ఆ భాషలో పెరిగినవాళ్ళు దాని వ్యాకరణాన్ని సునాయాసంగా వాడారు. 12 ఏళ్ళు దాటాక మొదలుపెట్టినవాళ్ళు అన్నేళ్ళ వాడుక తర్వాత కూడా తడబడ్డారు. మాటలు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, వాక్యం కట్టే ఒడుపు మాత్రం వయసు మీరాక పూర్తిగా పట్టుబడటం కష్టం. నికరాగువాలో దీనికి రెండో వైపు కనిపించింది. 1977 తర్వాత మనాగువా నగరంలో చెవిటి పిల్లల్ని ఒక బడిలో చేర్చారు. అంతకుముందు ఎవరింట్లో వాళ్ళు ఏవో సైగలతో నెట్టుకొచ్చినవాళ్ళు. ఒకచోట కలిశాక తమలో తాము ఒక భాష పుట్టించుకున్నారు. దానికి చక్కటి వ్యాకరణం పెట్టింది తర్వాత వచ్చిన చిన్నపిల్లలు. పెద్దవాళ్ళకి చేతకానిది పసివాళ్ళు చేసి చూపించారు. బిడ్డలో ఆ శక్తి అంత ఉంది. చుట్టూ మనుషులు లేక, ఉన్నా వాళ్ళ మాట అందక అది వాడిపోకూడదు.

కొలరాడోలో 1998లో వెలువడిన పరిశోధన ఈ గడువుని నెలల్లో లెక్కగట్టింది. వినికిడి లోపాన్ని ఆరు నెలలలోపు గుర్తించి సాయం మొదలుపెట్టిన పిల్లలు, ఆ తర్వాత గుర్తించిన పిల్లలకన్నా భాషలో బాగా ముందున్నారు. అందుకే డాక్టర్లు ఒకటి, మూడు, ఆరు అని లెక్క చెబుతారు. నెల నిండేలోపు పరీక్ష, మూడో నెలకి లోపం ఉందో లేదో తేల్చడం, ఆరో నెలకి చికిత్స మొదలు. మనమేమో రెండేళ్ళదాకా వస నూరి నాలుక మీద రాస్తూ కూర్చుంటున్నాం. ఎక్కువ మాట్లాడే పిల్లని వసపిట్ట అని ముద్దుచేసే సంస్కారం మనది, ఆ ముద్దు మీద నాకే అభ్యంతరమూ లేదు. కానీ వినపడని చెవికి వస దారి చూపించలేదు. నాలుక కింద నరం కోయిస్తే మాట వస్తుందని తిరిగే ఇళ్ళు ఇంకో రకం. ముందు చెవి సంగతి తేలనివ్వండి.

ఇక చెవులు బాగున్న పిల్లల సంగతి. మధ్యాహ్నం ఒంటిగంటకి షెడ్లలో సుత్తులు ఆగుతాయి, వెల్డింగ్ ఆగుతుంది. ఆ గంటసేపు నలుగురూ కూర్చుని అన్నం తింటారు. బిడ్డ చేతిలో ఫోన్ ఉంటుంది. ఫోన్ పెడితేనే ముద్ద మింగుతున్నాడని అమ్మ బాధ, కాసేపు నడుం వాలుద్దామని నాన్న బాధ. రెండూ నిజమే, వాళ్ళని తప్పుపట్టే మనసు నాకు రావడం లేదు. కానీ ఆ ఒక్క గంటే ఈ బిడ్డకి రోజుమొత్తంలో నిశ్శబ్దంగా దొరికే గంట. నివాస ప్రాంతాల్లో పగటిపూట 55 డెసిబెల్స్, పారిశ్రామిక ప్రాంతాల్లో 75 దాటకూడదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. షెడ్డు వెనక గదిలో కాపురం ఉన్న తల్లికి ఆ గీత ఎక్కడుంది? సుత్తి పడుతున్నంతసేపూ ఆమె బిడ్డతో అరిచి మాట్లాడాలి, లేదా ఊరుకోవాలి. ఎక్కువసార్లు ఊరుకుంటుంది. ఆ దొరికిన గంటని కూడా ఫోన్ తీసుకుంటే ఇక మిగిలేది ఏముంది?

ఫోన్‌లో కూడా మాటలే కదా అనొచ్చు. కావు. సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో చేసిన ప్రయోగం దీనికి సూటి జవాబు. తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లల ముందు చైనీస్ మాట్లాడే మనిషిని కూర్చోబెట్టి, 12 సార్లు బొమ్మలతో, పుస్తకాలతో ఆడించారు. పిల్లలు ఆ భాష శబ్దాల్ని పట్టుకున్నారు. అదే మనిషిని, అవే మాటల్ని టీవీలో చూపించిన పిల్లలకి ఏమీ రాలేదు. తెర బిడ్డ కళ్ళలోకి చూడదు. బిడ్డ వేలు చూపిస్తే ఆ వైపు తిరగదు. "అమ్మా, అదీ" అంటే "ఏది నాన్నా, కాకా?" అనదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, రెండేళ్ళలోపు పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టొద్దు, ఆ తర్వాత కూడా రోజుకి గంట దాటొద్దని. మన శిశువైద్యుల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండేళ్ళలోపు వద్దంటోంది. ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ మాట్లాడించడం వేరు. అక్కడ అవతల మనిషి ఉంది, పలుకుతుంది.

ఇంకో పొరపాటు ప్రేమతోనే జరుగుతోంది. మా బతుకు ఈ మసిలో గడిచింది, పిల్లాడైనా కుర్చీలో కూర్చుని పనిచేయాలని, తమకి సగం వచ్చిన ఇంగ్లీషు ముక్కలతో రెండేళ్ళవాడిని పెంచుతున్నారు. కమ్, సిట్, ఈట్, షూస్ వేసుకో, హ్యాండ్స్ కడుక్కో. వాడు రంగుల పేర్లు గడగడా చెబుతాడు, చుట్టాలు మెచ్చుకుంటారు. దాహమేస్తే మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళతాడు. వద్దు, లేదు, కాదు అనే మూడింటి స్థానంలో వాడికి ఒక్క 'నో' మిగిలింది. పాలు వద్దా, పాలు లేవా, ఇవి పాలు కావా? ఆ మూడింటికీ ఒకటే తల ఊపు. ఇంగ్లీషు నేర్పొద్దని నేను అనను. నేర్చుకోవాలి, దానితో బతుకుతెరువు ఉంది. రెండు మూడు భాషలు ఒకేసారి నేర్చుకునే సత్తా పసివాళ్ళకి ఉంది, దానివల్ల మాట ఆలస్యం అవుతుందనే భయం అక్కర్లేదు. అయితే ఏ భాషలో మీరు కథ చెప్పగలరో, ఏ భాషలో కోప్పడి మళ్ళీ బుజ్జగించగలరో ఆ భాషలో మాట్లాడండి. బిడ్డకి కావలసింది నిండు వాక్యాలు. "నిన్న తాతయ్య వస్తానన్నాడట, వానొచ్చి ఆగిపోయాడట" అనే ఒక్క ముక్కలో కాలం ఉంది, కారణం ఉంది, విన్న సంగతని చెప్పే 'అట' ఉంది. కమ్, సిట్‌లలో అవేవీ లేవు.

బీహార్ నుంచో ఒడిశా నుంచో పనికొచ్చి ఇక్కడ కాపురం పెట్టిన కుటుంబాలకి కూడా ఇదే మాట. ఇంట్లో భోజ్‌పురి అయితే భోజ్‌పురి, ఒడియా అయితే ఒడియా మాట్లాడండి. బడిలో తెలుగు కావాలి కదా అని రాని తెలుగులో తంటాలుపడకండి. సందులో పిల్లలు మీవాడికి తెలుగు నేర్పేస్తారు. ఈ పత్రిక చదవలేని ఆ కుటుంబాలకి ఈ ముక్కని పక్కింటి అన్నయ్యలే విడమరిచి చెప్పాలి.

మాట రాకపోవడానికి చెవీ ఫోనూ మాత్రమే కారణాలు కావు. ఆటిజం ఉండొచ్చు, ఎదుగుదలలో మరో ఇబ్బంది ఉండొచ్చు. అది తల్లి పెంపకం తప్పు కాదు, ఆ మాట ఎవరన్నా నమ్మకండి. ఏది కారణమైనా ముందు వినికిడి తేలాలి. పుట్టగానే ఏడవని బిడ్డ, నెలలు నిండకుండా పుట్టి గాజుపెట్టెలో ఉన్న బిడ్డ, కామెర్లు బాగా ముదిరిన బిడ్డ, కడుపుతో ఉండగా తల్లికి రుబెల్లా సోకిన బిడ్డ, మేనరికం పెళ్ళిళ్ళ ఇళ్ళలో బిడ్డ, ఇంట్లో ఇంకెవరికైనా పుట్టుచెవుడు ఉన్న బిడ్డ. వీళ్ళ విషయంలో ఒక్క నెల కూడా వదులుకోకూడదు. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకి నాలుగు మాటలు రాకపోయినా, వచ్చిన మాటలు పోయినా వెంటనే కదలాలి.

పరీక్షలో నొప్పేమీ ఉండదు. బిడ్డ నిద్రపోతుండగా చెవిలో చిన్న శబ్దం పెట్టి, లోపలి చెవి, మెదడు ఎలా స్పందిస్తున్నాయో యంత్రం కొలుస్తుంది. లోపం తేలితే వినికిడి యంత్రం ఉంది. అది చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో చిన్నపిల్లలకి ఆ ఆపరేషన్‌కి సాయం ఉంది. ఎంత చిన్న వయసులో చేస్తే అంత మేలు. ఆపరేషన్‌తో పని అయిపోదు, ఆ తర్వాత మాట నేర్పే శిక్షణ ఏళ్ళపాటు వదలకుండా చేయించాలి. సైగభాష కూడా నిండైన భాషే, దానికీ వ్యాకరణం ఉంది. బిడ్డకి అది నేర్పితే మాట రాదేమోనని దాచిపెట్టకండి. ఏ భాషా లేకుండా గడిచే రోజే ప్రమాదం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడికి వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకాల్సిన జబ్బుల్లో పుట్టుచెవుడు కూడా ఒకటి. ఆ బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు రావాలి. వచ్చినరోజు మీ బిడ్డ అక్కడ ఉండేలా చూసుకోండి. దిష్టి తగులుతుందనో, ఎవరైనా ఏదైనా అంటారనో ఇంట్లో దాచుకోకండి. ఆటోనగర్‌లో మెకానిక్కుల సంఘాలున్నాయి, లారీ ఓనర్ల సంఘాలున్నాయి. డ్రైవర్లకి కళ్ళ పరీక్షల శిబిరాలు పెట్టడం మనకి అలవాటే. ఈసారి పిల్లలకి చెవుల పరీక్ష పెట్టండి. అదే రోజు మేస్త్రీలు కూడా చూపించుకోవాలి. ఏళ్ళ తరబడి రేకు మీద సుత్తి వేసిన మనిషికి తన వినికిడి తగ్గిందని తెలియదు. తనకే సరిగ్గా వినపడని తండ్రి, బిడ్డకి వినపడటం లేదని ఎలా కనిపెడతాడు?

రేపు మీ షెడ్డుకి డెలివరీ ఇవ్వాల్సిన బండి ఒకటి ఉండే ఉంటుంది. ఓనరుకి ఫోన్ చేసి ఒక పూట ఆలస్యమవుతుందని చెప్పండి. బిడ్డ పుట్టినప్పటి కాగితాలు, ఆధార్, బియ్యం కార్డు సంచిలో పెట్టుకుని పొద్దున్నే ప్రభుత్వాసుపత్రికి బయల్దేరండి. చెవి, ముక్కు, గొంతు విభాగానికి ఓపీ చీటీ తీసుకోండి. ఏమిటని అడిగితే "మా వాడికి మాట రాలేదండీ" అని ఆగిపోకండి. "వినికిడి పరీక్ష చేయాలండీ" అని అడగండి. ఇవాళ కుదరదు, ఫలానా రోజు రమ్మంటే ఆ తేదీ చీటీ మీద రాయించుకుని తెచ్చుకోండి.